ఫిర్యాదు తిరిగి తాసీల్దారు చేతికే

సీమ న్యాయ చరిత్ర – 9వ భాగం

పోయిన భాగంలో 1827 జూలై 6న పత్తికొండ దగ్గర ఆగాం. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో అక్కడే కలరాతో కన్నుమూశాడు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి, ఊరూరా గుడారం వేసుకుని తిరిగి, చేనుచేనుకూ శిస్తు నిర్ణయించి రైత్వారీకి పునాది వేసినవాడాయన. ఈ సీమలో బిడ్డలకు ఆయన పేరు పెట్టుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ గౌరవాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. కానీ ఆయన చేసి వెళ్లిన ఏర్పాటు ఒకటి, ఆయన పోయిన పాతికేళ్ల తర్వాత కూడా రైతు ఒంటిమీద వాతలు తేల్చింది. ఈ భాగం ఆ ఏర్పాటు గురించి, ఆ వాతలకు జవాబుగా వచ్చిన చట్టం గురించి, ఆ తర్వాత కోయిలకుంట్ల సబ్‌జైలులో రెండు ప్రాణాలు ఎదుర్కొన్న గతి గురించి.

ఒకే చేతిలో శిస్తూ, బేడీ

1802లో కంపెనీ ప్రభుత్వం బెంగాల్ నమూనాను మద్రాసుకు తెచ్చింది. జిల్లాకొక జడ్జి, ఆయన కింద దారోగాలు. దారోగా ఊరికి పరాయివాడు. కోర్టు రైతుకు అందనంత దూరం. ఈ పద్ధతి పనికిరాదని వాదించినవాళ్లలో మన్రో ముందున్నాడు. న్యాయ, పోలీసు వ్యవస్థలను సవరించే కమిషన్‌కు పెద్దగా 1814లో ఇంగ్లండు నుంచి తిరిగి వచ్చాడు. 1816లో కొత్త రెగ్యులేషన్లు వచ్చాయి. వాటిలో 11వది పోలీసు వ్యవస్థను తలకిందులు చేసింది.

దాని ప్రకారం కలెక్టరే మేజిస్ట్రేటు. తాలూకాలో తాసీల్దారే పోలీసు అధికారి. ఊళ్లో రెడ్డి, కరణం, తలారి శిస్తు వసూలుకూ వాళ్లే, దొంగను పట్టడానికీ వాళ్లే. చిన్నచిన్న తగాదాల్లో మనిషిని చావడిలో 12 గంటల దాకా నిర్బంధించే అధికారం గ్రామాధికారికి ఇచ్చారు. తక్కువ కులాలుగా లెక్కగట్టినవాళ్లనైతే బొండకొయ్యలో కాళ్లు బిగించి 6 గంటలు ఉంచవచ్చన్నారు. శిక్షలోనే కులం లెక్క చూసిన రెగ్యులేషన్ అది.

మన్రో ఉద్దేశం ఖర్చు తగ్గించడం, ఊరికి తెలిసిన మనుషుల చేతనే పని చేయించడం. కానీ ఆ ఏర్పాటులో ఒక పెద్ద లోటు ఉండిపోయింది. శిస్తు బాకీ పడ్డ రైతును నిలదీసేవాడు తాసీల్దారే. ఆ రైతును పట్టి తెచ్చి కూర్చోబెట్టగలిగినవాడూ తాసీల్దారే. తాసీల్దారు బంట్రోతు కొట్టాడని రైతు ఫిర్యాదు చేస్తే విచారించేదీ తాసీల్దారే. ఆ పైన ఉన్న కలెక్టరుకు కావలసింది కిస్తు నిండడం.

వానను నమ్ముకున్న నల్లరేగడి నేలల్లో ఇది ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు. పంట ఎండినా కిస్తు గడువు ఎండదు. ఆనాడు కోయిలకుంట్ల కడప జిల్లాలో తాలూకా. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కంభం, మార్కాపురంతోపాటు అందులో చేరింది. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మొదట దాడి చేసింది ఈ కోయిలకుంట్ల ఖజానా మీదనే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీసిందీ ఈ ఊళ్లోనే. సీమ రైతుకు సర్కారంటే తాలూకా కచ్చేరి. ఖజానా, కొరడా, న్యాయం మూడూ ఆ ఒక్క గుమ్మం లోపలే ఉండేవి.

లండన్‌లో లేచిన మాట

1854 జూలైలో బ్రిటిష్ కామన్స్ సభలో మద్రాసు ప్రెసిడెన్సీ భూమి శిస్తు మీద చర్చ జరిగింది. శిస్తు రాబట్టడానికి రైతులను హింసిస్తున్నారని డాన్బీ సేమర్ అనే సభ్యుడు సభలో చెప్పాడు. కంపెనీ పక్షం వాళ్లు ఆ మాటను నమ్మలేదు. ఆ ఏడే మద్రాసు గవర్నరు లార్డ్ హారిస్ ప్రభుత్వం ముగ్గురితో విచారణ కమిషన్ వేసింది. ఇ.ఎఫ్.ఇలియట్, హెచ్.స్టోక్స్, న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్ అందులో సభ్యులు. మొదట శిస్తు కోసం జరిగే హింసనే చూడమన్నారు. తర్వాత పోలీసుల పేరుతో జరిగేదీ చూడమన్నారు. రెండు పనులూ చేసేది ఒకే మనుషులైనప్పుడు వేరుగా చూడడం ఎలాగూ కుదరదు.

ఫిర్యాదులకు ఇచ్చిన గడువు మూడు నెలలు. మద్రాసులో మొదటి రైలు నడిచింది 1856లో. అంటే కమిషన్ కూర్చున్ననాటికి రైతుకు ఉన్నవి ఎడ్లబండి, లేకపోతే కాళ్లు. అయినా 1,959 ఫిర్యాదులు అందాయి. వాటిలో 1,440 ఉత్తరాల ద్వారా వచ్చాయి. మిగతా 519 మంది స్వయంగా వచ్చి నిలబడ్డారు. వాళ్లలో కొందరు 300, 400 మైళ్ల దూరం నుంచి వచ్చారు. ఇల్లూ చేనూ వదిలి, తిరిగి వెళ్లాక అదే తాసీల్దారు కింద బతకాలని తెలిసి కూడా వచ్చారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది ఆ తెగువే.

1855 ఏప్రిల్‌లో కమిషన్ నివేదిక ఇచ్చింది. అందులోని హింసల జాబితా చదవడానికి గుండె గట్టి చేసుకోవాలి. ఎండలో నిలబెట్టడం. తిండికీ, కాలకృత్యాలకూ పోనివ్వకపోవడం. రైతు గొడ్లను మేతకు వదలకుండా ఇంట్లోనే కట్టేయించడం. ఇంటి మీద బంట్రోతును కూర్చోబెట్టి వాడి రోజు కూలి ఆ రైతు చేతనే ఇప్పించడం. మోకాళ్ల మడతలో ఇటుకముక్కలు పెట్టి గొంతుక్కూర్చోబెట్టడం. ఇద్దరి జుట్లు కలిపి ముడివేయడం. జుట్టును గాడిద తోకకో, దున్నపోతు తోకకో కట్టడం. మెడలో ఎముకల దండ వేయడం. వీటన్నిటికన్నా ఎక్కువగా వాడినవి రెండని కమిషన్ రాసింది. ఒకటి చేతివేళ్లను కర్రల మధ్య బిగించి నొక్కే సాధనం, తమిళ జిల్లాల్లో ‘కిట్టి’. నివేదికలో దాని తెలుగు పేరు ‘చీరాట’ అని ఉంది. రెండోది మనిషిని కిందికి వంచి కట్టి ఆ వంపులోనే ఉంచడం. దానికి తెలుగులో ‘గింగిరి’ అని పేరు నమోదు చేశారు.

బాకీని బట్టి, మనిషి కులాన్ని బట్టి హింస మారింది. కొన్నిటి ఉద్దేశం నొప్పి, కొన్నిటి ఉద్దేశం అవమానం. నలుగురిలో తల ఎత్తుకోలేకుండా చేస్తే ఆలి పుస్తె అమ్మయినా కడతాడన్న లెక్క అది.

ఫిర్యాదు ప్రయాణం

కమిషన్ కనిపెట్టిన వాటిలో అతి ముఖ్యమైనది హింస జరుగుతోందన్న సంగతి కాదు. దానికి పరిహారం దొరకడం ఎంత కష్టమో తెలుసుకోవడం. ఆ కష్టం తమనే ఎక్కువగా కదిలించిందని సభ్యులు రాశారు.

రైతు ఫిర్యాదు ఎలా నడిచేదో చూడండి. కలెక్టరు దగ్గరికి పోవాలంటే రోజుల ప్రయాణం. అర్జీ రాయించడానికి ఖర్చు. కలెక్టరు ఆ అర్జీ మీద విచారించమని రాసి కింది అధికారికి పంపుతాడు. ఆ కింది అధికారి తాసీల్దారు. అంటే ఎవరి మీద ఫిర్యాదో ఆ మనిషి చేతికే కాగితం తిరిగి వస్తుంది. రైతు ఊరికి చేరేలోపే తాసీల్దారుకు అంతా తెలిసిపోతుంది.

ఒకవేళ నేరం రుజువైనా శిక్ష ఏమిటి? కలెక్టరు మేజిస్ట్రేటుగా వేయగలిగింది 50 రూపాయల జరిమానా, లేకపోతే నెల రోజుల జైలు. అంతకు మించాలంటే క్రిమినల్ జడ్జికి అప్పగించాలి, లేదా సర్క్యూట్ కోర్టు విచారణకు పంపాలి. అది నెలల పని. సాక్షులంతా అదే తాలూకా మనుషులు.

నివేదికకు తనదైన గుడ్డితనమూ ఉంది. తప్పంతా భారతీయ ఉద్యోగులదేనని, యూరోపియన్ అధికారులకు ఈ పనులంటే అసహ్యమని కమిషన్ తీర్పు చెప్పింది. కారల్ మార్క్స్ 1857 సెప్టెంబరు 17న న్యూయార్క్ డెయిలీ ట్రిబ్యూన్‌లో ఈ నివేదిక మీదే వ్యాసం రాస్తూ ఆ మాటను ప్రశ్నించాడు. ప్రశ్న న్యాయమైనదే. కిస్తు నిండాలని పైనుంచి ఒత్తిడి పెట్టి, అది ఎలా నిండుతోందో అడగని అధికారికి ఆ హింసలో వాటా ఉంటుంది. కింది ఉద్యోగుల జీతాలు చాలవని తెలిసీ చూస్తూ ఊరుకున్న ప్రభుత్వానికీ ఉంటుంది.

అయినా ఆ 1,959 ఫిర్యాదులు వృథా పోలేదు. శిస్తునూ పోలీసునూ విడదీయక తప్పదని ప్రభుత్వానికి తెలిసివచ్చింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం, అంటే 24వ చట్టం, వచ్చింది. తాసీల్దారు చేతి నుంచి పోలీసు విడిపోయి ప్రత్యేక శాఖ అయింది. విలియం రాబిన్సన్ దానికి తొలి పెద్ద. 1861లో దేశం మొత్తానికి వచ్చిన పోలీసు చట్టం చాలావరకు ఈ బాటలోనే నడిచింది. అప్పుడే కళ్లు తెరిచిన కర్నూలు జిల్లాకు కొత్త కలెక్టరేటూ కొత్త పోలీసూ దాదాపు ఒకేసారి వచ్చాయి.

చట్టం వేలెత్తి చూపినవాడు

1860లో భారత శిక్షాస్మృతి చట్టమైంది. 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో 330వ సెక్షన్ నేరం ఒప్పించడానికో, సమాచారం రాబట్టడానికో, బాకీ వసూలుకో గాయపరిస్తే 7 ఏళ్ల దాకా జైలు అంది. తీవ్రమైన గాయమైతే 331వ సెక్షన్ కింద 10 ఏళ్ల దాకా. నేరం ఒప్పుకొమ్మని నిర్బంధించడం 348వ సెక్షన్ కింద వేరే నేరం.

330వ సెక్షన్ కింద చట్టమే నాలుగు ఉదాహరణలు ఇచ్చింది. మొదటివాడు నేరం ఒప్పుకొమ్మని హింసించే పోలీసు అధికారి. రెండోవాడు దొంగసొత్తు ఎక్కడుందో చెప్పమని హింసించే పోలీసు అధికారి. మూడోవాడు శిస్తు బాకీ కోసం హింసించే రెవెన్యూ అధికారి. నాలుగోవాడు కౌలు కోసం రైతును హింసించే జమీందారు. మద్రాసు నివేదికలోని మనుషులంతా ఆ నాలుగు వాక్యాల్లో వరసగా నిలబడ్డట్టుంటుంది. ఈ దేశపు చట్టం పోలీసు హింసను శాఖలోపలి క్రమశిక్షణ తప్పుగా కాక, నేరంగా పేరు పెట్టి చూపి 160 ఏళ్లు దాటింది. ఆ నేరానికి బాధ్యుడు శాఖ కాదు. చెయ్యెత్తిన మనిషి.

1861 పోలీసు చట్టంలో 29వ సెక్షన్ కస్టడీలో ఉన్నవాళ్ల మీద అకారణంగా చెయ్యి చేసుకున్న పోలీసుకు 3 నెలల దాకా జైలో, 3 నెలల జీతం దాకా జరిమానానో, రెండూనో అంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. కొట్టి ఒప్పించినా లాభం లేకుండా చేస్తే కొట్టడం ఆగుతుందన్న ఆలోచన దాని వెనక ఉంది. శిక్షాస్మృతి, సాక్ష్య చట్టాల్లోని ఈ రక్షణలు నేటి భారతీయ న్యాయ సంహిత, సాక్ష్య అధినియంలోకీ వచ్చాయి. పాత 330, 331 ఇప్పుడు సంహితలో 120వ సెక్షన్.

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే మరి ఏం లోపించింది? ఫిర్యాదు ప్రయాణం మారలేదు. తాసీల్దారు చేతి నుంచి లాఠీ పోయింది, నిజమే. కానీ పోలీసు మీద ఫిర్యాదు రాసుకునేదీ, దర్యాప్తు చేసేదీ పోలీసే అయ్యాడు. లాకప్‌లో జరిగినదానికి సాక్షులు తోటి పోలీసులే. 1902-03లో ఆండ్రూ ఫ్రేజర్ నాయకత్వంలో పోలీసు కమిషన్ దేశమంతా తిరిగి చూసినప్పుడు, పోలీసులంటే జనానికి ఉన్న భయం అలాగే ఉందని తేలింది.

కోయిలకుంట్ల, 1977

ఎమర్జెన్సీ ఎత్తేసి నెల దాటింది. 1977 ఏప్రిల్ 25న అవుకు ఠాణా కేసులో ఒక తండ్రినీ కొడుకునూ అరెస్టు చేశారు. మర్నాడు కోర్టు రిమాండు చేసింది. వాళ్లను కోయిలకుంట్ల సబ్‌జైలు ఏడో గదిలో ఉంచారు. ప్రత్యర్థుల నుంచి ప్రాణభయం ఉందని, కాపలా పెంచమని వాళ్లు మొరపెట్టుకున్నారు. కాపలా పెరగలేదు సరికదా, మామూలుగా ఉండాల్సిన కాపలా కూడా లేకుండా పోయింది.

మే 5 రాత్రి గడిచి 6వ తేదీ తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో కొందరు జైలు ఆవరణలోకి చొరబడి ఆ గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి తీవ్రంగా గాయపడి కర్నూలు ప్రభుత్వాసుపత్రిలో చనిపోయాడు. కొడుకు గాయాలతో బతికాడు. సీమలో కక్షలు కొత్త కాదు. కానీ ఆ రాత్రి ఆ ఇద్దరూ ఇంట్లోనో చేలోనో లేరు, సర్కారు తాళం వేసిన గదిలో ఉన్నారు. పారిపోయే దారీ, తలుపు మూసుకునే హక్కూ లేని చోట ఉన్నారు. వాళ్ల ప్రాణాలకు పూచీ ఆ తాళం వేసినవాళ్లదే.

కుటుంబం ప్రభుత్వం మీద 10 లక్షల రూపాయలకు దావా వేసింది. చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా న్యాయ గ్రంథాలకెక్కింది అదే. కింది కోర్టు పోలీసుల నిర్లక్ష్యం నిజమేనని ఒప్పుకుంది, కానీ దావా గడువు దాటిందని కొట్టేసింది. హైకోర్టులో జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ఆ తీర్పును తిరగరాసి 1,44,000 రూపాయలు, దాని మీద 6 శాతం వడ్డీ ఇమ్మన్నారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది.

ప్రభుత్వం పెట్టుకున్న వాదన సార్వభౌమాధికారం. అరెస్టు చేయడం, జైలులో ఉంచడం రాజ్యం మాత్రమే చేయగల పనులు, వాటిలో జరిగిన తప్పుకు రాజ్యం పరిహారం ఇవ్వక్కర్లేదని. ఆ వాదనకు 1964 నాటి కస్తూరీలాల్ తీర్పు అండగా ఉండేది. 1947లో మీరట్ పోలీసులు అమృత్‌సర్ వ్యాపారి బంగారం పట్టుకుంటే, దాన్ని హెడ్‌కానిస్టేబుల్ ఎత్తుకుని పాకిస్తాన్ పారిపోయాడు. అయినా వ్యాపారికి ప్రభుత్వం బాకీ లేదన్నది ఆ తీర్పు.

2000 ఏప్రిల్ 26న జస్టిస్ సగీర్ అహ్మద్ రాసిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ అడ్డుగోడను కోయిలకుంట్ల కేసుకు పక్కన పెట్టింది. ఖైదీ కూడా మనిషే, రాజ్యాంగం 21వ అధికరణ కింద అతని ప్రాణానికీ రక్షణ ఉంది, ప్రాథమిక హక్కును కాలరాసిన చోట సార్వభౌమత్వం అడ్డురాదు అంది. పోలీసుల నిర్లక్ష్యంతోపాటు సబ్‌ఇన్‌స్పెక్టరు కుట్రలో ఉన్నాడన్నది కూడా రుజువైన విషయంగా తీసుకుంది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ప్రాణభయం ఉందని మొరపెట్టుకున్న ఖైదీల మాట వినాల్సిన యంత్రాంగంలోనే కుట్రదారు ఉన్నాడు. 1855లో రైతు అర్జీ తాసీల్దారుకు చేరినట్టే, 1977లో ఖైదీల మొర కుట్రలో ఉన్నవాడి చేతికే చేరింది. మధ్యలో 122 ఏళ్లు, ఒక శిక్షాస్మృతి, ఒక రాజ్యాంగం ఉన్నాయి.

ఖజానా కట్టే మూల్యం, మనిషి కట్టాల్సిన మూల్యం

ఘటన నుంచి తుది తీర్పుకు 23 ఏళ్లు. ఆ తీర్పు దేశమంతటా ఖైదీల హక్కుల కోసం పోరాడేవాళ్లకు ఆయుధమైంది, కోయిలకుంట్ల పేరు చట్టం చదివే ప్రతి విద్యార్థికీ చేరింది. కానీ ఇది సివిల్ దావా. ఇందులో దొరికేది పరిహారం, శిక్ష కాదు. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాది. అంటే ఎండిన చేలమీద పన్నులు కట్టే జనానిది. పోలీసు చేసిన తప్పుకు జనమే డబ్బు కట్టి ఊరుకుంటే, తప్పు చేసిన చెయ్యి మళ్లీ లేవడానికి అడ్డేముంది? 330వ సెక్షన్ రాసినవాళ్లు నేరాన్ని మనిషికి అంటగట్టింది అందుకే. పరిహారం బాధితుడి హక్కు. క్రిమినల్ బాధ్యత రాబోయే బాధితుడికి రక్ష. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టకూడదు.

అడ్డంకులు ఏమిటో దేశానికి తెలియనివి కావు. అధికారిని ప్రాసిక్యూట్ చేయాలంటే చాలా సందర్భాల్లో ప్రభుత్వ అనుమతి కావాలి. కస్టడీలో కొట్టడం విధి నిర్వహణలో భాగమా కాదా అన్న వాదన మీదే ఏళ్లు గడిచిపోతాయి. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్ ఇక్కడ ఒక మేలు చేసింది. 120 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. కస్టడీలో మనిషికి గాయమైతే, అది పోలీసులు చేసిందేనని కోర్టు భావించవచ్చన్న నిబంధన సాక్ష్య చట్టంలో చేర్చాలని లా కమిషన్ 1985లో 113వ నివేదికలో కోరింది. ఆ సూచన ఇంకా చట్టం కాలేదు. ఐక్యరాజ్యసమితి హింసా వ్యతిరేక ఒప్పందం మీద భారత్ 1997లో సంతకం చేసింది. దాన్ని ఇంతవరకు ధ్రువీకరించలేదు.

అయితే ఫిర్యాదును పోలీసు చేతి నుంచి బయటకు తెచ్చే దారులు కొన్ని తెరుచుకున్నాయి. కస్టడీలో ఎవరైనా చనిపోయినా, మాయమైనా, అక్కడ స్త్రీపై అత్యాచారం జరిగిందన్నా మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. డి.కె.బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు అరెస్టుకు నియమాలు పెట్టింది. అరెస్టు మెమో రాయాలి, బంధువులకు తెలపాలి, 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. 2020లో ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలు పెట్టమంది.

వీటన్నిటికన్నా పాతదీ, సామాన్యుడి చేతికి దగ్గరదీ ఒకటుంది. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణ మాట. పోలీసులు కొట్టారా, ఒంటిమీద దెబ్బలున్నాయా అని ఆ మేజిస్ట్రేటు అడగాలి, జవాబు రాయాలి, దెబ్బలుంటే ఆసుపత్రికి పంపాలి. ఆ నాలుగు నిమిషాల్లో ఫిర్యాదు మొదటిసారి పోలీసుది కాని చేతికి అందుతుంది. కర్నూలులోనైనా, కడపలోనైనా, ఏ మారుమూల తాలూకా కోర్టులోనైనా ఆ ప్రశ్న మొక్కుబడిగా సాగిపోనివ్వకూడదు. అరెస్టయిన మనిషి భయపడకుండా నిజం చెప్పాలంటే పక్కన వకీలు ఉండాలి, గుమ్మంలో బంధువులు ఉండాలి, ఊరు వెనక ఉండాలి. 519 మంది, వాళ్లలో కొందరు వందల మైళ్లు దాటి వచ్చి, మద్రాసులో నిలబడి చెప్పినందుకు ఒక చట్టం పుట్టింది. ఇప్పుడు మనం నడవాల్సింది తాలూకా కోర్టు దాకానే.

(వచ్చే భాగం: 1978, హైదరాబాద్ నల్లకుంట ఠాణా కేసు, ముక్తదర్ కమిషన్ నివేదిక, రాయచూరు సెషన్స్ కోర్టు తీర్పు)